తలగాయం నుంచి కోలుకునేవారికి పరిమళ తైలాలు

తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాక ఇల్లాలికి అసలు పని మొదలవుతుంది. అక్కడ వున్నన్నాళ్ళూ డాక్టర్లు, నర్సులు, స్కానింగులు, చీటీలు. మనం వరండాలో బల్లమీద కూర్చునేవాళ్ళం, అంతే. ఇంటికొచ్చిన మర్నాటినుంచీ మందులు వేళకివ్వడం, పట్టుకు నడిపించడం, రాత్రి నాలుగుసార్లు లేవడం అన్నీ మన చేతికే వస్తాయి. కట్టు విప్పేశారు, కుట్లు మానిపోయాయి. చూడవచ్చినవాళ్ళు "బాగానే వున్నాడు కదమ్మా" అనేసి వెళ్ళిపోతారు. లోపలి సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. తలనొప్పి, ఏ పనీ చెయ్యకుండానే అలసిపోవడం, నిద్ర పట్టకపోవడం, చిన్నమాటకే కస్సుమనడం, కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకోవడం. మెదడు కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొందరికి సంవత్సరాలే పడుతుంది.

సరిగ్గా ఈ సమయంలోనే పరామర్శకు వచ్చేవాళ్ళు బత్తాయిలతోపాటు చిన్నచిన్న రంగు సీసాలు కూడా తీసుకురావడం ఈమధ్య మొదలైంది. లావెండరు, రోజ్‌మెరీ, పెప్పర్‌మింట్, నీలగిరి. "రెండు చుక్కలు దిండుమీద వెయ్యి వదినా, మెదడు చురుగ్గా అవుతుందట" అని చెప్పి మరీ ఇస్తారు. మంచి మనసుతోనే ఇస్తారు, కాదనను. అయితే వాటిలో మనకు పనికొచ్చేదెంత, భయపడవలసింది ఎక్కడ అన్నది తెలుసుకుని వాడాలి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. దెబ్బతిన్న మెదడును ఏ తైలమూ బాగుచెయ్యదు. చేస్తుందనడానికి రుజువు లేదు. పడుకోబోయేముందు మనసుకు కాస్త నెమ్మది కలిగించడం వరకే దాని శక్తి. ఆ కాస్త నెమ్మదే రాత్రి రెండుగంటల వేళ ఎంత విలువైనదో సేవ చేసినవాళ్ళకు తెలుసు గనుక, బొత్తిగా తీసిపారెయ్యనక్కర్లేదు.

తైలం అనగానే మనకు నువ్వులనూనె, కొబ్బరినూనె, ఆముదం గుర్తొస్తాయి. ఇవి ఆ జాతివి కావు. గానుగాడితే వచ్చేవి జిడ్డునూనెలు. ఇవేమో పూలనూ, ఆకులనూ, వేళ్ళనూ నీటి ఆవిరిలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లబరిచి, పైకి తేలినదాన్ని తీసినవి. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఇప్పటికీ రాగిపాత్రలు పొయ్యిమీద పెట్టి అత్తరు తీస్తున్నారు. మన దవనం నుంచీ, వట్టివేళ్ళనుంచీ, నిమ్మగడ్డి నుంచీ కూడా తైలం తీస్తారు. ఒక కిలో గులాబీ తైలం రావాలంటే మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. అంటే ఆ సీసాలో వున్నది చూడ్డానికి చుక్కే గాని దోసిళ్ళకొద్దీ పూల సారం. "చెట్లనుంచి వచ్చిందేగా, ఏం చేస్తుందిలే" అనుకోవడం ఇక్కడే తప్పు. ఉమ్మెత్తకాయ కూడా చెట్టునుంచే వస్తుంది మరి.

ఈ వైద్యానికి అరోమాథెరపీ అని పేరుపెట్టినవాడు రెనే మారిస్ గాట్‌ఫోసే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. 1910లో ప్రయోగశాలలో ప్రమాదం జరిగి చేతులు కాలితే, ఆ పుళ్ళకు లావెండరు తైలం వాడి చూసుకున్నాడు. 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. మనకు మాత్రం వాసన మందులు కొత్తా ఏమిటి? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటినుంచీ తలనొప్పి అనగానే మన చెయ్యి దానంతటదే అలమర దగ్గరికి పోతుంది. ఈ అలవాటు గురించే కాస్త మాట్లాడాలి.

చూసినదీ, విన్నదీ, తాకినదీ మెదడులో థాలమస్ అనేచోట ఆగి, అక్కణ్ణించి పై భాగాలకు వెళతాయి. మన విజయవాడ జంక్షన్ లాంటిదనుకోండి. వాసన ఒక్కటీ ఆ జంక్షన్‌లో బండి మారకుండానే భావాలకూ, జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలకు చేరిపోతుంది. అందుకే మల్లెపూల వాసన తగిలితే ఏనాటి వేసవి సెలవులో గుర్తొస్తాయి. ఎందుకు గుర్తొచ్చాయో ఆ తర్వాత గాని తెలియదు. పరిమళం మనసును తాకుతుందంటే కారణం ఇదే. అది మెదడును రెచ్చగొట్టగలదంటే నమ్మవలసిందీ ఇందుకే.

తలగాయం తర్వాత కొందరికి ఫిట్స్ వస్తాయి. దెబ్బ తగిలిన వారం లోపల రావచ్చు. అంతా బాగుందనుకున్నాక నెలలకో, ఏళ్ళకో కూడా రావచ్చు. మెదడులో నెత్తురు గడ్డకట్టినవాళ్ళకూ, కపాలం ఎముక లోపలికి నొక్కుకుపోయినవాళ్ళకూ ఆ భయం ఎక్కువ. లెవెటిరాసెటామ్, ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్ వంటి మాత్రలు డాక్టర్లు రాసేది అందుకే. ఒకపక్క ఆ మాత్ర వేస్తూ, మరోపక్క ఫిట్స్‌ను రేపే వస్తువును మనమే ముక్కుదగ్గర పెడితే ఎలా?

కర్పూరానికీ, నీలగిరి తైలానికీ ఆ గుణం వుంది. తాగితేనే కాదు, పీల్చినా, వంటికి రాసినా కొందరికి ఫిట్స్ వచ్చాయి. బెంగుళూరు న్యూరాలజీ డాక్టర్లు ఇలాంటి రోగులను గమనించి వైద్యపత్రికల్లో రాశారు కూడా. రోజ్‌మెరీ, సేజ్, హిస్సప్, పెద్ద సోంపు తైలాలనూ ఇదే వరసలో చెబుతారు. జ్ఞాపకశక్తికి మంచిదని రోజ్‌మెరీనే ఏరికోరి తెచ్చిస్తారు చూశారూ, తలగాయమైన ఇంట్లో మొదట పక్కన పెట్టవలసిన సీసాల్లో అదొకటి.

నేను నీలగిరి తైలం కొననే కొనను అని నిశ్చింతగా వుండకండి. అది మారుపేర్లతో మన ఇళ్ళల్లోనే వుంది. తలనొప్పి బామ్‌లు చాలావాటిలో కర్పూరం వుంటుంది, నీలగిరి వుంటుంది. జలుబుకు ఛాతీమీద రాసే మందుల్లో వుంటుంది. తలకు చల్లదనం అని అమ్మే నూనెల్లో వుంటుంది. ఆవిరి పట్టే నీళ్ళలో వేసే మాత్రల్లో వుంటుంది. కర్పూరం, వాము కలిపి గుడ్డలో కట్టి వాసన చూపించే మూట సంగతి సరేసరి. పాపం తలనొప్పి అంటున్నాడని గంటకోసారి బామ్ రాస్తూ కూర్చునే తల్లులు వుంటారు. డబ్బామీద చిన్న అక్షరాలు చదవండి, లేదా పిల్లలచేత చదివించండి. క్యాంఫర్ అనిగాని, యూకలిప్టస్ అనిగాని వుంటే, ఫిట్స్ వచ్చిన మనిషికి, వచ్చే ప్రమాదం వుందని డాక్టరు చెప్పిన మనిషికి దాన్ని దూరంగా పెట్టండి. హారతి మాటేమిటంటారా? ఆ మనిషి మంచం దగ్గరికి కర్పూరహారతి పళ్ళెం తీసుకురావద్దు. నేతివత్తితో హారతి ఇస్తే దేవుడేమీ అనడు.

మాట వచ్చింది గనుక ఇదీ చెప్పేస్తాను. ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, చెప్పు ముక్కుదగ్గర పెట్టడం ఇంకా మన ఇళ్ళల్లో పోలేదు. ఫిట్ చాలామటుకు ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. అది తాళాలవల్ల ఆగిందని మనం అనుకుంటాం. చెయ్యవలసింది వేరే వుంది. మనిషిని ఒకపక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తలకింద మెత్తటిది పెట్టి, మెడదగ్గర బొత్తాలు వదులు చెయ్యాలి. నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని, మరేదీ గాని పెట్టకూడదు. గడియారం చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగకుండానే మరొకటి వచ్చినా ఆస్పత్రికి తీసుకుపోవలసిందే.

ఇక ముక్కు. తలగాయమైన కొందరికి కపాలం అడుగున ఎముక చిట్లి, మెదడుచుట్టూ వుండే నీరు ముక్కులోంచి కారుతుంది. జలుబు చేసినట్టే వుంటుంది గాని చిక్కదనం వుండదు. తేటగా నీళ్ళలా, సాధారణంగా ఒకపక్కనుంచే, వంగితే ఎక్కువగా పడుతుంది. అటువంటి మనిషికి ముక్కులో తైలం చుక్కలు వెయ్యడం, నస్యం చేయించడం, ఆవిరి పట్టడం ఏదీ పనికిరాదు. ముక్కు గట్టిగా చీదనివ్వకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ దారిన సూక్ష్మజీవులు మెదడు పొరలదాకా పోతే ప్రాణంమీదికే వస్తుంది. అలాగే ఆపరేషన్ చేసిన మాడుమీద కుట్లు పూర్తిగా మానేదాకా ఏ నూనే వద్దు. వాపు తగ్గడంకోసం ఎముకముక్క తీసివుంచినవాళ్ళకు ఆ చోట మర్దన మాటే ఎత్తకూడదు. తలంటి ముచ్చటలు తర్వాత తీర్చుకోవచ్చు.

ఇన్ని కాదన్నాక మిగిలిందేమిటి అంటారేమో. లావెండరు మిగిలింది. ఆందోళన విషయంలోనూ, నిద్ర విషయంలోనూ దానిమీద పరిశోధనలు మిగతావాటికన్నా ఎక్కువే జరిగాయి, కొంత ఉపయోగం కనిపించింది కూడా. ఆ పరిశోధనలు చాలావరకు చిన్నవనీ, తలగాయమైనవాళ్ళమీద చేసినవి బహు తక్కువనీ గుర్తుంచుకుంటే చాలు. లావెండరులోనూ రెండు మూడు రకాలున్నాయి. స్పైక్ లావెండరు అనే రకంలో కర్పూరం పాలు ఎక్కువ, అది మనకొద్దు. సీసామీద లావండులా అంగుస్టిఫోలియా అని వున్నది చూసుకోండి. మొక్క పేరే రాయకుండా ఉత్త "లావెండర్ ఆయిల్" అని వున్నది చాలాసార్లు కృత్రిమ సెంటే.

డాక్టరుకు సీసా చూపించి సరేనన్నాక, మొదటిరోజు దూదిమీద ఒక్క చుక్క వేసి, చెయ్యిచాపినంత దూరంలో ఒక్క నిమిషం వుంచి తీసెయ్యండి. తలగాయం తర్వాత చాలామందికి వెలుగు, చప్పుడు సహించనట్టే వాసనా సహించదు. మనకు హాయిగా వున్నది వాళ్ళకు తలనొప్పి తెప్పించవచ్చు. మాట పడిపోయిన మనిషయితే వద్దని చెప్పలేడు. ముఖం తిప్పుకోవడం, కనుబొమలు ముడవడం మనమే కనిపెట్టాలి. బాగుందనిపిస్తే పడుకోబోయేముందు పావుగంటో, ఇరవై నిమిషాలో చాలు. కిటికీ తీసి వుంచండి. రాత్రంతా గదిలో యంత్రంపెట్టి పొగలా వదలడం మంచిది కాదు. అన్నీ ఒకేరోజు కలిపి వాడితే ఏది పడిందో, ఏది పడలేదో తేల్చుకోలేం. ఒకసారికి ఒకటే.

అన్నిటికన్నా నాకు నచ్చినది అరికాళ్ళ మర్దన. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, నువ్వులనూనెలోనో కొబ్బరినూనెలోనో ఒకే ఒక్క చుక్క తైలం. ఇది నూటికి ఒక పాలు అవుతుంది, కోలుకుంటున్న మనిషికి అంతకుమించి అక్కర్లేదు. నేరుగా తైలాన్ని వంటికి రాయవద్దు, మండుతుంది. ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెం రాసి, దద్దు లేవలేదని చూసుకోండి. ఒకపక్క స్పర్శ పోయిన మనిషికి మండినా తెలియదు కాబట్టి, రాసినచోట రోజూ మన కళ్ళతో చూడాలి. నిదానంగా, ఒకే తూకంలో పది నిమిషాలు రాయండి. నన్నడిగితే ఇందులో సగం గుణం తైలానిది కాదు, చేతిది. మర్దన అయ్యాక అరికాళ్ళు, వేళ్ళసందులు పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచెయ్యాలి, ఇది మాత్రం మరిచిపోకండి. జిడ్డుకాలితో రాత్రి బాత్‌రూముకు లేచి జారిపడితే మళ్ళీ అదే తలకు రెండో దెబ్బ.

సీసాలు ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. కంటిచుక్కల సీసాలాగా, దగ్గుమందులాగా వుంటాయి. జ్ఞాపకం తప్పిన మనిషి మందనుకుని తాగవచ్చు, పసిపిల్లలూ తాగవచ్చు. నీలగిరి తైలం ఒక చెంచాడు లోపలికిపోతే పిల్లలు స్పృహ తప్పవచ్చు. పొరబాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా, సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి.

తలగాయానికీ, వాసనకూ మరో సంబంధం వుంది. దీన్ని ఇంట్లో ఎవరూ చాలాకాలం గుర్తించరు. ముక్కు పైభాగాన జల్లెడలాంటి పలచని ఎముక వుంటుంది. వాసన తెలిపే సన్నని నరాల పోగులు ఆ రంధ్రాల్లోంచే మెదడులోకి వెళతాయి. వెనక్కిపడి తల నేలకు కొట్టుకున్నప్పుడు మెదడు కపాలంలో ముందుకూ వెనక్కూ ఊగి, ఆ పోగులు తెగిపోతాయి. వాసన పోతుంది. ఆ మనిషి "నాకు వాసన రావడంలేదు" అని చెప్పడు. "ఏమిటీ చారు ఇలా తగలడింది, నీ వంట పాడైపోయింది" అంటాడు. మనం రుచి అనుకునేదాంట్లో చాలాభాగం నిజానికి వాసనే. నాలుకకు తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు వంటి నాలుగైదు మాత్రమే. ఇంగువ పోపు, కరివేపాకు, నెయ్యి, ఇవన్నీ ముక్కు చెప్పే సంగతులు. ఇది తెలియక, రాత్రింబవళ్ళు సేవ చేస్తూ ఆ మాట పడ్డ ఇల్లాళ్ళు కంచం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటారు. లోపం మీ వంటలో లేదు, ఆయన మనసులోనూ లేదు.

వాసన వుందా లేదా అని బామ్ చూపించి పరీక్షిస్తే మోసపోతాం. ఘాటు తెలిపే నరం వేరు, వాసన తెలిపే నరం వేరు. వాసన పూర్తిగా పోయిన మనిషికి కూడా బామ్ ఘాటు, అమోనియా ఘాటు ముక్కుకెక్కుతాయి. కళ్ళు మూయించి, ఒక ముక్కు నొక్కిపట్టి, రెండోదాని దగ్గర కాఫీపొడి పెట్టి చూడండి. తెలియకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చెప్పండి.

దీనికి పరిమళాలతోనే ఒక అభ్యాసం వుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవాళ్ళు 2009లో ప్రకటించారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి - ఈ నాలుగు వాసనలను పొద్దున్నా, సాయంత్రమూ, 12 వారాలపాటు శ్రద్ధగా పీల్చడం, అంతే. ముక్కులో వాసన పసిగట్టే కణాలు జీవితాంతం కొత్తవి పుడుతూ వుంటాయి గనుక ఆశకు కొంత చోటుంది. జలుబు, వైరస్ జ్వరాలవల్ల వాసన పోయినవాళ్ళకు ఇది ఎక్కువగా పనిచేసింది. దెబ్బవల్ల పోయినవాళ్ళకు అంతగా కాదు. అయినా ఖర్చులేనిది, చేసి చూడవచ్చు. తైలాలే కొనక్కర్లేదు. మూతలున్న నాలుగు చిన్న సీసాల్లో దంచిన లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ రేకులు, నీలగిరికి బదులు యాలకులో కాఫీపొడో వేసి పెట్టుకోండి. ఒక్కొక్కటి పది పదిహేను సెకన్లు నెమ్మదిగా పీల్చి, "ఇది లవంగం" అని మనసులో ఆ వాసనను గుర్తుచేసుకోవాలి. వారానికోసారి సరుకు మార్చండి.

కొందరికి వాసన తిరిగివచ్చే దారిలో తప్పుగా వస్తుంది. కాఫీ మాడిన రబ్బరులా, ఉల్లిపాయ కుళ్ళినట్టుగా. అది కొన్నాళ్ళకు సర్దుకోవచ్చు. అలాకాక, ఏమీ లేనిచోట హఠాత్తుగా ఏదో కాలిన వాసన వచ్చిందని, ఆ వెంటనే కాసేపు శూన్యంలోకి చూస్తూ పలక్కుండా వుండిపోతే, అది చిన్నరకం ఫిట్ కావచ్చు. తేదీ, వేళ రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

వాసన తెలియని మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి బజారుకు వెళ్ళేటప్పుడు గ్యాసు సిలిండరు దగ్గర కట్టేసి వెళ్ళండి. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. కారితే తెలియాలనే మెర్కాప్టాన్ అనే కంపువస్తువు కలుపుతారు. ఆ కంపు ఈయనకు తెలియదు. గ్యాసు కారితే మోగే గంట అమ్ముతున్నారు. ఈ గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా, అడుగు ఎత్తులోపే బిగించాలి. ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నెలకు తేదీ చీటీ అంటించండి. విరిగిన పాలు, పాచిపోయిన పప్పు ఆయన తెలుసుకోలేరు.

ఇక వంట విషయం. రుచి లేదంటున్నారని ఉప్పు పెంచుకుంటూ పోవద్దు, రక్తపోటు వున్నవాళ్ళకు అది చేటు. నిమ్మకాయ పిండండి, చింతపండు పులుపు కాస్త ఎక్కువ వెయ్యండి. కారం, మిరియం, అల్లం ఘాటు వేరే నరం మీదుగా పోతాయి గనుక అవి తెలుస్తాయి. వేడివి వేడిగా, చల్లవి చల్లగా పెట్టండి. పంటికింద తగిలేది కూడా ఒక రుచే. పెరుగన్నంలోకి రెండు వడియాలు, మింగడం ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాకనే సుమా, వేయించి పక్కన పెడితే మరో రెండు ముద్దలు లోపలికి వెళతాయి.